థీసిస్‌కు పేపర్లు కావాలి, ఒక్కోదానికి వేలల్లో అడుగుతున్నారు: దారి ఏమిటి?

హన్మకొండ_పీజీ
అందరికీ నమస్కారం. ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్ పీజీ చేస్తున్నాను. పురుగుమందుల విషంతో వచ్చిన రోగులకు విరుగుడుగా అట్రోపిన్ ఏ మోతాదులో ఇస్తున్నాం, ఫలితం ఎలా ఉంటోంది అన్నది నా థీసిస్ అంశం. పాత పరిశోధనల అధ్యాయం రాద్దామని కూర్చుంటే సగం పేపర్లు సారాంశం వరకు చూపించి ఆగిపోతున్నాయి. పూర్తిగా చదవాలంటే ఒక్కోదానికి రెండు మూడు వేల రూపాయలు కట్టాలట. మా లైబ్రరీకి ఉన్న చందాలు నామమాత్రం. ప్రభుత్వ కాలేజీలో చదువుతున్న నా స్నేహితురాలికి మాత్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే కేంద్ర పథకం కింద చాలా జర్నళ్లు తెరుచుకుంటున్నాయి. ప్రతిసారీ తనని అడగాలంటే మొహమాటం. మా గైడ్ గారు "సారాంశాలు చూసి రాసేయ్, అందరూ చేసేది అదే" అన్నారు. అలా రాయడం నాకు ఇష్టం లేదు. దారి తెలిసినవారు చెప్పండి.

గోదావరిఖని_ఫార్మా
అందరూ వాడే ఆ సైటు ఉండగా ఇంత ఆలోచన ఎందుకు? లింకు కావాలంటే నేను పెడతాను.

నిర్వాహకుడు
చందా పేపర్లను అనుమతి లేకుండా ఉచితంగా పెట్టే సై-హబ్ లింకులు ఇక్కడ వద్దు. ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ అనే ప్రచురణ సంస్థలు 2020 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టులో వేసిన కేసులో, ఆ సైటును దేశంలో ఆపేయమని 2025 ఆగస్టులో ఆదేశం వచ్చింది. దాని న్యాయాన్యాయాలు ఎంతసేపైనా మాట్లాడుకోండి, లింకులు కనిపిస్తే తీసేస్తాను.

పుస్తకాల_బీరువా
కాజీపేట నుంచి. ముప్పై ఏళ్లకు పైగా లైబ్రరీల్లో పనిచేసి రిటైరయ్యాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

పీజీ గారూ, మీ అంశానికి అన్నిటికన్నా దగ్గరి పేపర్ మన ఊరిదే. 2005లో 'ట్రాపికల్ మెడిసిన్ అండ్ ఇంటర్నేషనల్ హెల్త్' జర్నల్‌లో వచ్చింది. వరంగల్‌లోని ప్రభుత్వ ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందుల విషంతో చేరిన 8,040 మంది రికార్డులు చూసి రాశారు. వారిలో 22.6 శాతం మంది చనిపోయారు. 1999, 2000 సంవత్సరాల కేస్‌షీట్లను మరింత వివరంగా పరిశీలిస్తే, విరుగుడు మందులు ఎక్కువమందికి తక్కువ మోతాదులో, అందరికీ ఒకే లెక్కన ఇచ్చినట్టు తేలింది. అదనంగా పైసా ఖర్చు లేకపోయినా, చికిత్స పద్ధతి మార్చుకుని, మరీ ప్రమాదకరమైన పురుగుమందులను కట్టడి చేస్తే చావులు తగ్గుతాయని రచయితలు అప్పుడే రాశారు. అందులో వేలెత్తి చూపిన ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపింది.

ఈ పేపర్ పబ్‌మెడ్ సెంట్రల్‌లో పూర్తిగా, ఉచితంగా ఉంది. మీ దాకా రాలేదంటే తాళం వేసి ఉండటం వల్ల కాదు. మీ కాలేజీలో దీని గురించి చెప్పినవారు లేరు, అంతే. చందా డబ్బుల బాధ నిజమే కానీ, తెరిచి ఉన్నదాన్ని చదవకపోవడం అంతకంటే పెద్ద జబ్బు.

ఇక వెతికే పద్ధతి. పబ్‌మెడ్ వేరు, పబ్‌మెడ్ సెంట్రల్ వేరు. మొదటిది సూచిక, సారాంశాల వరకే. రెండోది పూర్తి పేపర్ల భాండాగారం, అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 2000లో మొదలుపెట్టింది. పబ్‌మెడ్‌లో వెతికేటప్పుడు పక్కన 'ఫ్రీ ఫుల్ టెక్స్ట్' అన్న గడి ఉంటుంది, దాన్ని నొక్కండి. తరువాత బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అనే చిన్న పొడిగింపు పెట్టుకోండి. డబ్బు అడిగే పేజీ తెరిచినప్పుడు, అదే పేపర్ వేరేచోట చట్టబద్ధంగా ఉచితంగా ఉంటే పచ్చ తాళం చూపిస్తుంది. ఇలా ఎందుకు ఉంటుందంటే, జర్నల్ చందాది అయినా, ఆమోదం పొందిన తమ రాతప్రతిని రచయితలు చాలా సందర్భాల్లో వేరే భాండాగారంలో పెట్టవచ్చు. నిధులిచ్చిన సంస్థలే అలా పెట్టమని షరతు విధిస్తాయి. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ 2008 నుంచి ఏడాది గడువుతో తప్పనిసరి చేసింది, 2025 జూలై నుంచి ఆ గడువు కూడా ఎత్తేసింది. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ శాఖలు డీబీటీ (బయోటెక్నాలజీ), డీఎస్‌టీ (శాస్త్ర సాంకేతిక) 2014 డిసెంబరులోనే అలాంటి విధానం ప్రకటించాయి.

ఇవేవీ పనిచేయకపోతే రచయితకు రెండు వాక్యాల మెయిల్ రాయండి. అడిగిన విద్యార్థికి తన పేపర్ పంపని రచయితలు తక్కువ.

సందేహాల_పుట్ట
2014లో విధానం ప్రకటించారు సరే, ఎంతమంది పాటించారు?

పుస్తకాల_బీరువా
తక్కువమందే. పాటించనివారిని అడిగే నాథుడు లేడు. ఒప్పుకుంటాను.

వార్డు_రౌండ్స్
కరీంనగర్‌లో ఫిజీషియన్‌ని. లైబ్రరీ సార్ చెప్పినవన్నీ సరైనవే కానీ ఒక హెచ్చరిక చేయాలి. ఉచితంగా దొరికినవే చదివి అధ్యాయం ముగిస్తే చికిత్సే తప్పుదారి పట్టవచ్చు. మీ అంశంలోనే ఉదాహరణ ఉంది.

అట్రోపిన్‌తో పాటు ఇచ్చే ఇంకో విరుగుడు ప్రాలిడాక్సిమ్ సంగతి చూడండి. మహారాష్ట్రలోని బారామతిలో 200 మంది మీద జరిగిన ట్రయల్ 2006లో లాన్సెట్‌లో వచ్చింది. అందరికీ మొదట 2 గ్రాములు ఇచ్చి, ఆ తరువాత ఒక వర్గానికి గంటకు 1 గ్రాము చొప్పున 48 గంటలు ఆపకుండా ఎక్కించారు, రెండో వర్గానికి నాలుగు గంటలకోసారి 1 గ్రాము ఇచ్చారు. ఆపకుండా ఎక్కించినవారిలో ఒక శాతం, రెండో వర్గంలో 8 శాతం చనిపోయారు. అది చదివినవాడు ప్రాలిడాక్సిమ్ బ్రహ్మాండమైన మందు అంటాడు. 2009లో శ్రీలంక ట్రయల్ ప్లాస్ మెడిసిన్‌లో వచ్చింది, 235 మంది. ప్రాలిడాక్సిమ్ ఇచ్చినవారిలో 24.8 శాతం, ఉప్పునీళ్లు మాత్రమే ఎక్కించినవారిలో 15.8 శాతం చనిపోయారు. ఆ తేడా గణాంకాల పరంగా తేలలేదు కానీ, మేలు జరిగిందనడానికి ఆధారం మాత్రం లేదు. ఇది చదివినవాడు ఆ మందు దండగ అంటాడు. మొదటిది చందా జర్నల్, రెండోది మొదటిరోజు నుంచీ అందరికీ ఉచితం. జేబులో డబ్బు ఉందా లేదా అన్నదాన్ని బట్టి వైద్యుడి అభిప్రాయం మారకూడదు కదా. మోతాదులు వేరు, రోగుల తీవ్రత వేరు, ఆసుపత్రికి చేరిన సమయం వేరు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే ఆ తేడాలు కనిపిస్తాయి. సారాంశాల్లో ఇవి దొరకవు. మీ గైడ్ మాట వినకపోవడం మంచి పని.

అట్రోపిన్ గురించైతే 2012లో బంగ్లాదేశ్ నుంచి జర్నల్ ఆఫ్ మెడికల్ టాక్సికాలజీలో వచ్చినది తప్పకుండా చదవండి, పూర్తిగా ఉచితం. మోతాదును రెట్టింపు చేసుకుంటూ వెళ్లి, ఆ తరువాత డ్రిప్‌లో కొనసాగించిన వర్గంలో 8 శాతం చనిపోయారు. పాత పద్ధతిలో అప్పుడప్పుడూ ఇంజెక్షన్ వేసిన వర్గంలో 22.5 శాతం. మన వరంగల్ పేపర్‌లోని 22.6 పక్కన ఈ అంకె పెట్టి చూడండి. రోగులు వేరు, దేశం వేరు, నేరుగా పోల్చలేము. అయినా మీ థీసిస్‌లో అడగాల్సిన ప్రశ్న అక్కడే ఉంది.

హన్మకొండ_పీజీ
సార్, చాలా ధన్యవాదాలు. వరంగల్ పేపర్ ఇప్పుడే తెరిచాను. మా వార్డులో ఇప్పటికీ రాసే మోతాదు ఆ పేపర్‌లో చెప్పిన పాత మోతాదే. ఇంతకంటే ఇక్కడ రాయను.

సందేహాల_పుట్ట
మంచిర్యాల నుంచి. అందరూ ఓపెన్ యాక్సెస్‌ను, అంటే పేపర్లను పాఠకులకు ఉచితంగా తెరిచి ఉంచే పద్ధతిని, ఆకాశానికెత్తుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. పాఠకుడి దగ్గర తీసుకోకపోతే ఎవరి దగ్గర తీసుకుంటారు? రాసినవాడి దగ్గర. డబ్బిచ్చినవాడి రాతను కాదనే జర్నల్ ఎంతకాలం బతుకుతుంది? 2013లో సైన్స్ జర్నల్ తరఫున జాన్ బోహనన్ అనే విలేఖరి కావాలనే తప్పులతో ఒక దొంగ పేపర్ తయారుచేసి 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపితే 157 ఒప్పుకున్నాయి. అలాంటి ప్రచురణకర్తలకు పెద్ద స్థావరంగా తేలింది మన దేశమే. ఇంకా దగ్గరికి వస్తే, హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పీర్ రివ్యూ (తోటి నిపుణుల పరిశీలన) జరిగిందని అబద్ధం చెప్పారని, రుసుము సంగతి ముందుగా చెప్పలేదని, ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు సంపాదకులుగా వేసుకున్నారని అభియోగం. 2019 మార్చిలో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. మనవాళ్లు విదేశాల్లో పేరు తెచ్చుకున్నారని సంతోషించాలా?

వార్డు_రౌండ్స్
మీరు చెప్పినవన్నీ జరిగినవే. కానీ చందా జర్నల్ అయితే వడపోత గట్టిది అన్న అర్థం వస్తోంది మీ మాటల్లో. 2020లో కోవిడ్‌కు హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడకం మీద సర్జిస్ఫియర్ అనే కంపెనీ డేటాతో పేపర్ వేసింది ఎవరు? లాన్సెట్. ఆ డేటా ఎవరికీ చూపించలేకపోయారు, జూన్ మొదటివారంలో వెనక్కి తీసుకున్నారు. అప్పటికే దాని ఆధారంగా కొన్ని ట్రయల్స్ ఆగిపోయాయి. అటువైపు కోవిడ్‌కు ఐవర్‌మెక్టిన్ వాడకం మీద ఈజిప్టు నుంచి వచ్చిన ప్రీప్రింట్‌లో (జర్నల్ పరిశీలనకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టిన పేపర్‌లో) తప్పు పట్టుకున్నది లండన్‌లో చదువుతున్న ఒక మాస్టర్స్ విద్యార్థి. పేపర్ తెరిచి ఉంది కాబట్టి చదివాడు, వాక్యాలు వేరేచోట నుంచి ఎత్తినవని అనుమానం వచ్చి డేటా ఫైలు తెరవబోయాడు. దానికి పెట్టిన పాస్‌వర్డ్ 1234. ఆ ప్రీప్రింట్‌ను 2021 జూలైలో తొలగించారు. అందరూ చూసే చోట ఉన్న తప్పు త్వరగా దొరుకుతుంది. ఇది ఓపెన్ యాక్సెస్‌కు నేనిచ్చే మార్కు.

సందేహాల_పుట్ట
త్వరగా దొరుకుతుంది, ఎవరైనా వెతికితే. దొంగ జర్నళ్లలో వచ్చినవాటిని వెతికేవారు ఎవరు?

వార్డు_రౌండ్స్
ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

హన్మకొండ_పీజీ
రుసుముల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి" అని నాకు తరచూ మెయిళ్లు వస్తున్నాయి, ఇంకా పీజీ పూర్తికాని నన్ను ప్రొఫెసర్‌ను చేస్తూ! వారం రోజుల్లో పేపర్ వేస్తారట. థీసిస్ అయ్యాక దాన్ని ప్రచురించాలని ఉంది. మంచి ఓపెన్ యాక్సెస్ జర్నల్‌లో వేయాలంటే ఎంత అవుతుంది? మన దేశానికి రాయితీ ఉంటుందా?

పుస్తకాల_బీరువా
మీ దగ్గర థీసిస్ సిద్ధంగా లేకముందే మిమ్మల్ని ప్రొఫెసర్ చేసినవాళ్లకు జవాబు రాయకండి.

రుసుము జర్నల్‌ను బట్టి ఉంటుంది. వేల రూపాయల నుంచి లక్షల దాకా. పై అంచు తెలియాలంటే, నేచర్ 2020 నవంబరులో ప్రకటించిన రుసుము 9,500 యూరోలు. అప్పటి మారకంలో 8 లక్షల రూపాయలకు పైమాటే. మన జిల్లా ఆసుపత్రిలో ఎవరు కట్టగలరు?

రాయితీ విషయంలో మన పరిస్థితి రెంటికీ చెడ్డ రేవడిది. పెద్ద ప్రచురణకర్తలు పేద దేశాల రచయితలకు పూర్తిగా మాఫీ చేస్తారు, దిగువ మధ్యాదాయ దేశాలకు సగం తగ్గిస్తారు. కానీ దేశ మొత్తం ఆర్థిక పరిమాణం ఒక హద్దు దాటితే ఆ జాబితాలో చోటు ఉండదు. మన దేశం తలసరి ఆదాయంలో దిగువన ఉన్నా పరిమాణంలో పెద్దది కాబట్టి తప్పిపోతుంది. చదివే వైపు కూడా ఇదే కథ. పేద దేశాల వైద్యులకు జర్నళ్లు అందించడానికి డబ్ల్యూహెచ్‌ఓ 2002లో మొదలుపెట్టిన హినారి పథకంలో మనం లేము. ఏటూరునాగారంలో వైద్యుడి చేతిలో ఉన్న డబ్బుకూ దేశ జీడీపీకీ సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు. అయినా అడిగితే కొన్ని జర్నళ్లు విడిగా పరిశీలిస్తాయి. పేపర్ పంపేటప్పుడే అడగాలి, ఆమోదం వచ్చాక కాదు.

వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌ను కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. అందులోనే ఓపెన్ యాక్సెస్ రుసుముల కోసం ఏటా 150 కోట్లు విడిగా పెట్టారు. అయితే ఆ పథకం ప్రభుత్వ విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు మాత్రమే. మీ కాలేజీ లేదు. అదే విశ్వవిద్యాలయం పరీక్ష, అదే థీసిస్, అదే ఎండీ పట్టా, జర్నళ్లు మాత్రం సగంమందికే. దీని మీద నాకు కోపమే ఉంది.

రచయిత దగ్గర, పాఠకుడి దగ్గర కూడా ఏమీ తీసుకోని జర్నళ్లు ఉన్నాయి. సంఘాలో, సంస్థలో ఖర్చు భరిస్తాయి. ముంబయి నుంచి వచ్చే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ ఎథిక్స్ అలాంటిదే. డీఓఏజే అనే సూచికలో రుసుము లేని జర్నళ్లను విడిగా వడపోసి చూడవచ్చు. అందులో పేరు లేని ఓపెన్ యాక్సెస్ జర్నల్ మెయిల్ పంపితే అనుమానించండి. సంపాదకుల పేర్లు ఉంటాయి కదా, వారిలో ఒకరికి ఫోన్ చేసి "మీరు నిజంగా ఉన్నారా" అని అడిగితే చాలావరకు తేలిపోతుంది.

ఆర్మూరు_పసుపు
డాక్టర్ల మధ్యలో రైతు మాట్లాడవచ్చా? మా ఇంట్లో మూడు తరాలుగా పసుపు పంట. పసుపులోని కుర్కుమిన్ క్యాన్సర్ నుంచి మతిమరుపు దాకా అన్నీ తగ్గిస్తుందని వాట్సాప్‌లో రోజూ వస్తుంది. పేపర్ పేరు కూడా ఇస్తారు. ఏది నమ్మాలో మాకెలా తెలుస్తుంది?

వార్డు_రౌండ్స్
తప్పకుండా మాట్లాడవచ్చు అన్నా. 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో ఒక పెద్ద సమీక్ష వచ్చింది, ఉచితంగా చదవవచ్చు. కుర్కుమిన్ మీద అప్పటిదాకా వందకు పైగా ట్రయల్స్ జరిగాయి. రోగికీ డాక్టరుకూ తెలియకుండా ఉత్తుత్తి మాత్రతో పోల్చి చేసిన వాటిలో ఒక్కటీ విజయవంతం కాలేదని అందులో రాశారు. అది ఒంట్లో నిలవదు, రక్తంలోకి చేరేదే తక్కువ, పైగా ప్రయోగశాల పరీక్షల్లో లేని గుణం ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. కూరలో వేసుకోండి, మార్కెట్లో మంచి ధర రావాలని కోరుకుంటాను. మందులు మానేసి మాత్రం వాడకండి. వాట్సాప్‌లో పేపర్ పేరు వచ్చినప్పుడు అది ఎలుకల మీదా మనుషుల మీదా అని మొదట చూడండి. సారాంశంలోనే ఉంటుంది.

పుస్తకాల_బీరువా
పసుపు అంటే నాకు వేరే ముచ్చట గుర్తొస్తుంది. పసుపుతో గాయాలు మానడం మీద అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి 1995లో పేటెంట్ ఇచ్చారు. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ అభ్యంతరం చెప్పింది. మా అమ్మమ్మ వాడింది అంటే అక్కడ చెల్లదు, అచ్చులో ఉండాలి. వెతికి వెతికి సంస్కృత గ్రంథాలతో పాటు, జర్నల్ ఆఫ్ ది ఇండియన్ మెడికల్ అసోసియేషన్‌లో 1953లో వచ్చిన పేపర్‌ను చూపించారు. 1997లో పేటెంట్ రద్దయింది. నలభై ఏళ్ల కిందటి సంచిక ఏదో లైబ్రరీలో చెదలు పట్టకుండా ఉండబట్టి పని జరిగింది.

ఆర్మూరు_పసుపు
ఈ సంగతి మా సంఘం సమావేశంలో చెబుతాను సార్. కుర్కుమిన్ సంగతి మాత్రం చెబితే నన్ను కొడతారు.

ఏటూరునాగారం_అక్క
నాది చాలా చిన్న ప్రశ్న. ఆశా కార్యకర్తలకు పాముకాటు మీద తెలుగులో కరపత్రం తయారుచేస్తున్నాను. ఇంగ్లిష్ పేపర్లలోని పటాలు, అంకెలు తెలుగులోకి మార్చి వాడుకోవచ్చా? ఉచితంగా చదివే వీలుంటే వాడుకునే హక్కు కూడా ఉన్నట్టేనా?

పుస్తకాల_బీరువా
కాదమ్మా, రెండూ వేరు. ఇది చిన్న ప్రశ్న కూడా కాదు. పేపర్ మొదటి పేజీలో లైసెన్సు ఏమిటో చూడండి. 'సీసీ బై' అని ఉంటే రచయితల పేరు చెప్పి, మార్పులు చేశామని రాసి, తెలుగులోకి మార్చి పంచవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. చివర 'ఎన్‌డీ' ఉంటే మార్చి పంచకూడదు, అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది. ఏమీ రాయకపోతే అనుమతి అడగాలి. పేపర్ ఓపెన్ అయినా, అందులోని బొమ్మ వేరేచోట నుంచి తీసుకున్నదైతే ఆ బొమ్మకు ఈ లైసెన్సు వర్తించదు. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో రాస్తారు.

మీ అంశానికి ఈలైఫ్ జర్నల్‌లో 2020లో వచ్చిన పేపర్ సరిగ్గా సరిపోతుంది, అది సీసీ బై. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58,000 మంది చనిపోయారని అంచనా వేశారు. ఎక్కువ చావులు పల్లెల్లో, ఇంటి దగ్గరే జరిగాయి. సగం వర్షాకాలంలో. ఎక్కువ భారం ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి, అంటే మన ప్రాంతం లెక్క కూడా అందులోనే ఉంది. ఇంటికెళ్లి అడిగి కట్టిన లెక్క ఇది, ఆసుపత్రి రికార్డుల లెక్క కాదు. అందుకే అంత పెద్దది.

డబ్ల్యూహెచ్‌ఓ పుస్తకాలైతే, 2016 చివరి నుంచి వచ్చిన వాటిలో ఎక్కువ భాగం అమ్మకానికి కాకుండా అనువదించుకోవచ్చు. ఈ అనువాదం డబ్ల్యూహెచ్‌ఓ చేసింది కాదని రాయాలి, వారి చిహ్నం వేయకూడదు. అంతకుముందు పుస్తకమైతే రెండో పేజీ చదివి చూసుకోండి.

ఏటూరునాగారం_అక్క
చిహ్నం వేసేశాము, తీయించేస్తాను. కాటు వేసిన చోట కోయవద్దు, కట్టు బిగించవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి అన్నది పెద్ద అక్షరాల్లో పెట్టాను. డాక్టర్ గారు ఒకసారి చూస్తే బాగుంటుంది.

వార్డు_రౌండ్స్
పంపండి అక్కా, రాత్రికి చూస్తాను.

హన్మకొండ_పీజీ
ఇంకొక్క ప్రశ్న అడిగి ఊరుకుంటాను. 2002 తరువాత మన జిల్లాల లెక్కలు ఏమయ్యాయి? మా డిపార్ట్‌మెంట్ బీరువాలో ఇదే అంశం మీద సీనియర్ల థీసిస్‌లు నల్ల అట్టల్లో వరసగా ఉన్నాయి. ఒక్కటీ ఆన్‌లైన్‌లో లేదు.

పుస్తకాల_బీరువా
దేశంలోని విశ్వవిద్యాలయాల థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో పీహెచ్‌డీ గ్రంథాలు దొరుకుతాయి, ఎండీ థీసిస్‌లు అరుదు. మన దేశంలో జరిగే ట్రయల్స్‌ను నమోదు చేసే సీటీఆర్‌ఐలో వెతకండి, పీజీ థీసిస్‌గా నమోదైన ట్రయల్స్ కూడా అందులో కనిపిస్తాయి. ఫలితాలు చాలావరకు ఉండవు కానీ ఎవరు, ఎక్కడ, ఏం చేశారో తెలుస్తుంది. మీది మాత్రం బీరువాలోకి పోనివ్వకండి. జెనోడో లాంటి ఉచిత భాండాగారంలో థీసిస్, పేర్లు తీసేసిన డేటా పట్టిక పెట్టండి. రుసుము లేదు.

సందేహాల_పుట్ట
పేర్లు తీసేస్తే చాలా? ఫలానా మండలం, ఫలానా తేదీ, 24 ఏళ్ల యువతి అని ఉంటే ఆ ఊళ్లో గుర్తుపట్టనివారు ఉంటారా? ఇలాంటి కేసుల్లో కుటుంబాలు సంగతిని ఎంత దాచుకుంటాయో అందరికీ తెలుసు.

వార్డు_రౌండ్స్
ఈసారి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మండలం తీసేసి ఉమ్మడి జిల్లా పేరు పెట్టండి. తేదీ బదులు కాలం, వయసు బదులు పదేళ్ల వర్గం. ఇది మీ పట్టికకు నష్టం చేయదు, అట్రోపిన్ మోతాదుకు తేదీతో పనిలేదు.

హన్మకొండ_పీజీ
ఎథిక్స్ కమిటీ నుంచి అనుమతి ఇప్పటికే వచ్చింది సార్, అందులో డేటా పంచుకోవడం గురించి ఏమీ లేదు.

వార్డు_రౌండ్స్
అయితే సవరణ కోరుతూ రేపే లేఖ పెట్టండి. సమ్మతి పత్రంలో కూడా ఒక వాక్యం చేర్చాలి, అది తెలుగులో, రోగి బంధువులకు అర్థమయ్యేలా ఉండాలి. ఇప్పటికే సంతకాలు తీసుకున్నవారి డేటా ఏం చేయాలన్నది కమిటీనే అడగండి, మీరు నిర్ణయించుకోకండి.